స్ట్రిప్ ఎటు నుంచి కోయాలి

పది గోలీల స్ట్రిప్‌లో మూడే కావాలని ఎవరైనా అడిగితే ఎటు వైపు నుంచి కోయాలి? మెడికల్ షాపులో చేరిన మొదటి రోజు నాకు నేర్పిన మొదటి పని ఇదే. స్ట్రిప్ వెనక ఒక చివర బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ నెల గుద్ది ఉంటాయి. కత్తెర రెండో చివర నుంచి పడాలి. మూడు మూడుగా అమ్ముకుంటూ పోయినా తేదీ ఉన్న ముక్క ఆఖరిదాకా షాపులోనే ఉండాలి. తేదీ వైపు నుంచి కోశామా, మిగిలిన ఏడు గోలీలు ఎప్పటివో ఇక ఎవడికీ తెలియదు. ర్యాక్‌లో ఎన్నేళ్లు పడున్నా కొత్తవే.

"తెల్వక కోస్తే తప్పు తమ్మీ. తెలిసి కోస్తే దందా," అన్నాడు సేటు.

అది 2003 వేసవి. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో ఎవరూ నన్ను పనికి పొమ్మనలేదు, నేను వెళ్తానంటే వద్దనీ అనలేదు. షాపు నల్లకుంటలో, ఫీవర్ ఆస్పత్రికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఆ ఆస్పత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోళ్లలో నలిగి అలా అయింది. వానలు మొదలైతే చాలు, అక్కడి నుంచి చీటీలు పట్టుకుని జనం వరస కట్టేవాళ్లు. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ, నెలకు తొమ్మిది వందలు. డిగ్రీలో చేరాక కూడా రెండేళ్లు అక్కడే చేశాను.

చిన్న వయసులో పని చేస్తే నిజాయితీ అబ్బుతుందని పెద్దవాళ్లు అంటుంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని ఒక సామెత కూడా తగిలిస్తారు. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. మొక్క వంగుతుంది, నిజమే. ఎటు వంగుతుందన్నదే అసలు ప్రశ్న. నేను డిగ్రీ అయ్యేలోపు రెండు చోట్ల పని చేశాను. ఒకచోట నిజం చెప్పడం నేర్చుకున్నాను, రెండోచోట పది రోజుల్లో దొంగలెక్క నేర్చుకున్నాను. మనిషిని నేనే, మధ్యలో నా బుద్ధేమీ మారలేదు.

మొదటిది ముందు చెప్తాను.

ఆగస్టులో ఒక రాత్రి, వాన. ఆ సాయంత్రం ఒక ముసలమ్మ షుగర్ గోలీలకు వచ్చింది. గ్లిమిపిరైడ్ 1 ఎంజీ, రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు ఒకటి. ఒక స్ట్రిప్ ఇచ్చాను, బిల్లు రాశాను, డబ్బులు తీసుకున్నాను. తొమ్మిదిన్నరకు షట్టర్ దించే ముందు కౌంటర్ మీద మిగిలిన డబ్బాలు ర్యాక్‌లోకి సర్దుతుంటే చేతికి 2 ఎంజీ డబ్బా వచ్చింది. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి, మూలన అంకె తప్ప. బిల్లు బుక్కు వెనక్కి తిప్పాను. ఆ రోజంతా 2 ఎంజీ ఎవరికీ అమ్మినట్టు లేదు. డబ్బాలో మాత్రం ఒక స్ట్రిప్ తక్కువ.

షుగర్ మందు రెట్టింపు పడితే ఏమవుతుందో అప్పటికే విని ఉన్నాను. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తెలివి తప్పడం. ముసలి ప్రాణం.

నా పక్కన పనిచేసే అన్న ఉండేవాడు, ఆ షాపులో ఆరేళ్ల సీనియర్. ముందు అతనికి చూపించాను. అతను గల్లా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఊకో. ఒక్క నంబరే గద ఎక్కువ. రెండ్రోజుల్ల మళ్ల వస్తది, మారుద్దాం. గిప్పుడు చెప్తే నీ పని పోతది." అతను చెడ్డవాడు కాదు. నా మీద జాలితోనే ఆ మాట చెప్పాడు. నాకు కూడా ఆ మాట వినాలనే ఉంది. ఆ డబ్బా చేతిలో పట్టుకుని ఫ్రిజ్ పక్కన నిలబడ్డ ఐదు నిమిషాల్లో నేను వేసుకున్న లెక్కల్లో ముసలమ్మ చివర ఉంది. ముందు నా తొమ్మిది వందలు ఉన్నాయి, అమ్మకు ఏం చెప్పాలన్నది ఉంది, నలుగురిలో తిట్టించుకోవడం ఉంది.

చివరికి చెప్పాను. ధైర్యం అని రాసుకోవాలని ఉంటుంది గానీ, నిజానికి ఆ రాత్రి నిద్ర పట్టదన్న భయం కొంచెం ఎక్కువైంది, అంతే.

సేటు నోట్లు లెక్కపెట్టడం ఆపాడు. తిట్టలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు. "ఏ ముసలమ్మ? ఎన్ని గంటలకు? రాత్రి ఏసుకునేదా, పొద్దున ఏసుకునేదా?" పొద్దున టిఫిన్‌కు ముందు అన్నాను. "అయితే టైముంది," అని చేతక్ స్కూటర్ తాళాలు తీసుకున్నాడు. ఆమె ఇల్లు మాకు తెలియదు. మనవడు అడిక్‌మెట్ వైపు ఇస్త్రీ బండి పెడతాడని మాత్రం సీనియర్ అన్నకు తెలుసు. వానలో అడుగుతూ అడుగుతూ ఆ ఇల్లు పట్టుకునేసరికి పదిన్నర దాటింది. గోలీల కవరు ఇంకా విప్పలేదు, దేవుడి పటం వెనక దోపి ఉంది.

"అమ్మా, మా పోరడు తప్పు గోలీలు ఇచ్చిండు. గవి వాపస్ ఇయ్యి, ఇవి తీస్కో."

"గింత వానల వచ్చిన్రా? పొద్దున వస్తే కాదా?" అంది ఆమె, మేము పిచ్చోళ్లమన్నట్టు చూసి.

తిరిగి వచ్చేటప్పుడు సేటు ఏం మాట్లాడలేదు. మర్నాడు రెండు పనులు చేశాడు. 1 ఎంజీ, 2 ఎంజీ డబ్బాలు పక్కపక్కన లేకుండా ఒకదాన్ని పై ర్యాక్‌కు మార్చాడు. తర్వాత గల్లా కింది సొరుగులోంచి ఒక పాత డైరీ తీసి నా ముందు పెట్టి, ఏం జరిగిందో రాయమన్నాడు. తేదీ, ఏ మందుకు బదులు ఏ మందు, ఎట్లా తెలిసింది. డైరీ తెరిస్తే అందులో అప్పటికే ఐదారు ఉన్నాయి. అన్నింటికంటే పాతది సేటు చేతిరాతే. ఎవరికో చిన్న పిల్లల సిరప్‌కు బదులు పెద్దవాళ్లది ఇచ్చాడట.

దాన్ని చదివినప్పుడు నాకు కలిగింది గౌరవం అనుకోకండి. ముందు కలిగింది ఊరట. ఈయన కూడానా!

ఇక్కడితో ఆపితే ఇది మంచి నీతి కథ అయిపోయేది. కానీ ఆ షాపు గోడ మీద ఇంకొకటి ఉండేది. ఫారం 20, ఫారం 21 డ్రగ్ లైసెన్సులు ఫ్రేము కట్టి ఉండేవి, వాటి పక్కన ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఫోటోతో సహా. ఆ ఫోటోలోని మనిషి ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి, ఒక కవరు తీసుకుని, ఒక టీ తాగి వెళ్లిపోయేవాడు. రెండేళ్లలో ఆయన చేత్తో ఒక్క గోలీ ఇవ్వడం నేను చూడలేదు. డాక్టరు చీటీ మీది మందు రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం అంటుంది. ఆయన చేతి మీదుగానో, ఆయన కళ్ల ముందో ఇవ్వాలని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ అంటాయి. మా షాపులో సర్టిఫికెట్ అద్దెకుండేది. ఇంటర్ పాసైన కుర్రాడు చీటీలు చదివేవాడు.

ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు పూర్తిగా తట్టలేదు. ఆ రాత్రి నా తప్పుకు సగం కారణం గోడ మీదే వేలాడుతోంది. గోడ మీది మనిషి కౌంటర్లో ఉంటే ఆ చీటీ నా చేతికి వచ్చేదే కాదు. వానలో తడుస్తూ ముసలమ్మ ఇల్లు వెతికిన సేటు, నెలనెలా ఆ కవరు ఇచ్చే సేటు ఒక్కరే. హరిశ్చంద్రుడేం కాదు. అయినా తప్పు చేసిన రోజే చెప్పాలన్న అలవాటు నాకు ఆయన దగ్గరే అబ్బింది. పూర్తిగా కడిగిన ముత్యం లాంటి మనిషి దగ్గరే నేర్చుకోవాలని కూర్చుంటే నాకు ఈ జన్మకు ఏమీ వచ్చేది కాదు.

రెండోది 2005లో, డిగ్రీ ఆఖరి సంవత్సరం ముందు. ఒక సూపర్ మార్కెట్‌లో క్యాషియర్. జీతం మెరుగు, ఏసీ, మెడలో ఐడీ కార్డు. చేరిన రోజు నిజాయితీ గురించి ఒక గంట క్లాసు కూడా పీకారు. గోడకు దాని మీద పోస్టరు ఉండేది, పర్వతం బొమ్మతో. పర్వతానికీ నిజాయితీకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడ రూలు ఒక్కటే. రాత్రి క్యాష్ ట్యాలీ చేసినప్పుడు తక్కువొస్తే నీ జీతంలోంచి కోత. ఎక్కువొస్తే కంపెనీకి.

ఒక్క నిమిషం దీన్ని ఆలోచించండి. రోజుకు రెండు మూడు వందల బిల్లులు, పండగ ముందైతే ఇంకా ఎక్కువ. చేతిలో చిల్లర, వెనక వరస, పక్కన ఏడ్చే పిల్లాడు. తప్పు జరగడం ఖాయం, ఎంతన్నదే తేలాల్సింది. అది తక్కువ వైపు జరిగితే నీది, ఎక్కువ వైపు జరిగితే వాళ్లది. మూడో రోజు నాకు అరవై తక్కువొచ్చింది. నాలుగో రోజు పక్క కౌంటర్ అమ్మాయి తన సొరుగు కొంచెం లాగి చూపించింది. బిల్లు కాగితం రోల్ వెనక చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో రూపాయి, అర్ధరూపాయి బిళ్లలు. చిల్లర లేదని చాక్లెట్ ఇచ్చినప్పుడు మిగిలేవి, జనం వదిలేసి వెళ్లేవి, అడగనివాళ్లకు తిరిగి ఇవ్వనివి. "షార్టేజ్ డబ్బా" అంది, అది కూడా కంపెనీ ఇచ్చిన సామానే అన్నంత మామూలుగా. ప్రతి కౌంటర్‌కూ ఒకటి ఉంది.

పది రోజుల్లో నాక్కూడా వచ్చింది.

మొదట్లో వదిలేసి పోయినవే వేసేవాణ్ని. తర్వాత వదిలేసేలా చేయడం నేర్చుకున్నాను. చిల్లర వెతుకుతున్నట్టు కాసేపు సొరుగు కెలికితే చాలామంది "పర్లేదులే" అని వెళ్లిపోతారు. ఒకరోజు స్కూలు యూనిఫాంలో ఒక పిల్లాడు బిస్కెట్ ప్యాకెట్ కొన్నాడు. రూపాయి రావాలి. నేను కెలుకుతున్నాను. వాడు కదల్లేదు. నా చేతులనే చూస్తున్నాడు. చివరికి తీసి ఇచ్చాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని జేబులో వేసుకున్నాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. వాడికి నా సంగతి పూర్తిగా తెలిసిపోయింది.

మా సూపర్‌వైజర్‌కు డబ్బాల సంగతి తెలుసు. తెలిసినా ఏమనడు, ఎందుకంటే ట్యాలీ సరిపోతోంది, పైకి వెళ్లే రిపోర్టులో అంకెలు శుభ్రంగా ఉన్నాయి. తిలా పాపం తలా పిడికెడు. తక్కువొచ్చిందని చెప్పేవాడే అక్కడ అనుమానితుడు. ఏ రోజూ తక్కువ రానివాడు మంచి క్యాషియర్. మా కౌంటర్లలో ఒకడికి నెల మొత్తం ఒక్క రూపాయి తేడా రాలేదని అందరి ముందు చప్పట్లు కొట్టించారు. వాడి డబ్బా అందరికంటే పెద్దది.

చట్టం సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. జీతంలో కోతల గురించి 1936 నాటి వేతన చెల్లింపుల చట్టం అప్పట్లోనే స్పష్టంగా చెప్పింది. ఉద్యోగి చేతిలో పెట్టిన డబ్బు పోతే కోయవచ్చు గానీ, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి. ముందు అతన్ని సంజాయిషీ చెప్పుకోనివ్వాలి. పోయిన దానికంటే ఎక్కువ కోయకూడదు. మామూలుగా అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. పర్వతం పోస్టరు పక్కన ఈ కాగితం కూడా ఒకటి అంటిస్తే డబ్బాలు సగం ఖాళీ అయ్యేవి. నేను మూడు నెలలు చేసి మానేశాను. పరీక్షలని చెప్పాను. డబ్బాలో మిగిలిన పదిహేను రూపాయలు పక్క కౌంటర్ అమ్మాయికి ఇచ్చేశాను.

మనసు గట్టిదైతే ఎక్కడున్నా నిజాయితీగా ఉండొచ్చు కదా అని మా మామయ్య అంటాడు. ఉండొచ్చు. అరవై రూపాయల కోతలన్నీ నవ్వుతూ భరించి, డబ్బా ముట్టుకోకుండా ఉండే మనిషి ఎక్కడో ఉండే ఉంటాడు. కానీ పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లందరూ అలా ఉండాలని రూలు పెట్టేవాళ్లు నెలకు రెండు వేల జీతం మీద వీరుల్ని ఆశిస్తున్నారు. నేను వీరుణ్ని కాదు. మెడికల్ షాపులో కూడా కాదు.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం బయటికి వచ్చినప్పుడు నేను ఎంసీఏ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఆ రోజు మా క్యాంటీన్‌లో ఎవరూ మాట్లాడలేదు. అసలే అమెరికా మాంద్యం, దానికి తోడు ఇది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవన్న అంకె దగ్గరే అప్పుడు అందరం ఆగిపోయాం. ఇప్పుడు చదివితే నేను ఇంకోచోట ఆగుతాను. అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చిన్నదేనని, ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగి అదుపు తప్పిందని, పులి మీద స్వారీ చేస్తూ దాని నోట పడకుండా ఎలా దిగాలో తెలియనట్టు అయిందని ఆయన రాశారు. పదిహేను రూపాయల డబ్బాకూ వేల కోట్లకూ పోలికేంటని మీరు అనవచ్చు. ఆ ఉత్తరంలో "చిన్న తేడా" దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు బిల్లు రోల్ వెనక డబ్బా కనిపిస్తుంది. నేనేం చేయను.

ఆ ఏడాది బయటికొచ్చిన వేలమందిలాగే నేనూ అమీర్‌పేట చేరాను. మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుల బోర్డుల కింద నిలబడితే చాలు, పది నిమిషాల్లో ఎవరో ఒకరు అడిగేవాళ్లు: "ఫ్రెషరా? ఎక్స్‌పీరియన్స్ పెట్టుకో." చేయని ఉద్యోగాన్ని రెండేళ్లు చేసినట్టు పెట్టుకోవడం అంటే ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఫోన్ చేస్తే "అవును, మా దగ్గరే చేశాడు" అని చెప్పే ఒక గొంతు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బేరమే, ఇక్కడ చెట్టు కూడా లేదు. నేనూ పెట్టుకున్నాను. ఎనిమిది వేలకు మాట్లాడి సగం అడ్వాన్స్ ఇచ్చాను.

మొదటి ఇంటర్వ్యూ బాగానే సాగింది. చివర్లో ఇంటర్వ్యూ చేస్తున్నాయన, పెద్ద ముఖ్యమైన ప్రశ్నేం కాదన్నట్టు, "ఈ రెండేళ్లలో నువ్వు చేసిన ఒక తప్పు చెప్పు" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. లేని ఉద్యోగంలో తప్పులు ఉండవు. ప్రాజెక్టు పేరు, క్లయింటు, టెక్నాలజీ అన్నీ బట్టీ పట్టించారు గానీ, తప్పులు ఎవరూ రాసివ్వలేదు. నాకు తెలిసిన నిజమైన తప్పు ఒక్కటే, షుగర్ గోలీలది. అది చెప్పాలంటే ముందు రెండేళ్లు చెరిపేయాలి. ఏదో గొణిగాను. మెయిల్ చేస్తామన్నారు, చేయలేదు.

తర్వాత ఫ్రెషర్‌గానే ఒక చిన్న కంపెనీలో చేరడానికి పదకొండు నెలలు పట్టింది. మిగతా నాలుగు వేలు కట్టలేదు, ఇచ్చిన నాలుగు వేలు తిరిగి రాలేదు. దీన్ని నిజాయితీ గెలిచిన కథగా ఎవరూ చదవకండి. నాతో పాటు పెట్టుకున్న ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు నాకంటే పై హోదాలో ఉన్నారు, పని బాగా చేస్తారు కూడా. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. 2014లో పీఎఫ్‌కు, ఎన్ని కంపెనీలు మారినా ఒక్కటే ఉండే యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు చేశారో ఒక్కచోటే కనపడుతుంది కాబట్టి ఆ దందా అప్పటంత సులువు కాదు. అంతమాత్రాన కుర్రాళ్ల బుద్ధి బాగుపడిందనను.

ఇప్పుడు నా కింద తొమ్మిదిమంది ఉన్నారు. నాలుగేళ్ల కింద ఒక కొత్త కుర్రాడు శుక్రవారం సాయంత్రం ఒక డేటాబేస్ టేబుల్లో తప్పు డేటా ఎక్కించి, వెంటనే వచ్చి చెప్పాడు. ఆ రోజు నాకు పైనుంచి టెన్షన్. అందరి ముందు అరిచాను. డేటా గంటలో సరిచేశాం. ఆ తర్వాత మూడు నెలలు మా టీమ్‌లో ఒక్క తప్పూ జరగలేదు. అంటే నా దాకా ఒక్కటీ రాలేదు. ఎవరి డబ్బాలు వాళ్లు పెట్టుకున్నారు. అది అర్థమైన రోజు ఇంటికెళ్లి అన్నం సరిగా తినలేదు. తర్వాత ఆ కుర్రాడికి సారీ చెప్పాను, అది కూడా అందరి ముందే. కానీ నమ్మకం వెనక్కి రావడానికి ఏడాది పట్టింది. నల్లకుంట డైరీలాంటిదే ఇప్పుడు మా షేర్డ్ ఫోల్డర్‌లో ఒక ఫైలు ఉంది. మొదటి ఎంట్రీ నాది. దాని విలువ కుర్రాళ్లకు ఎంత తెలుసో నాకు తెలియదు, నవ్వుకోవడానికైతే చదువుతారు.

పోయిన దీపావళి ముందు నల్లకుంట వైపు పనుండి వెళ్లాను. షాపు అక్కడే ఉంది, బోర్డు మారింది. సేటు బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తల నెరిసిపోయింది. గుర్తుపట్టి టీ చెప్పాడు. లోపల తెల్లకోటులో ఆయన కూతురు. బీఫార్మసీ చేసిందట. గోడ మీద సర్టిఫికెట్లో ఉన్న ఫోటో ఆమెదే.

మా అత్తకు మోకాళ్ల నొప్పులు, నిద్ర పట్టడం లేదంటోంది. పాత చనువు కొద్దీ, ఒక నిద్రమాత్రల పేరు చెప్పి స్ట్రిప్ ఇమ్మన్నాను.

"చీటీ ఉందా అన్నా?"

లేదన్నాను. సేటు వైపు చూశాను, ఒక మాట చెప్తాడేమోనని.

ఆయన టీ ఊదుకుంటూ అన్నాడు. "ఇయ్యదు తమ్మీ. నాకే ఇయ్యదు."